ఏమీ తినని రోజులు

రాజమహేంద్రవరం,
విజయ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ తదియ

బావగారికి సూర్యప్రకాశం చేసే నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం. అక్కడి క్షేమం అడిగే ముందు మిమ్మల్ని కాస్త కోప్పడాలి.

మీరు చెప్పాపెట్టకుండా ఆసుపత్రి నుంచి వెళ్ళిపోయిన సంగతి మా డాక్టరు దొరగారితో ఎలా అనాలో తెలియక పొద్దున్నంతా మందుల గదిలో దాక్కున్నాను. ఇక్కడ కాంపౌండరుగా చేరిన ఆరేళ్ళలో ఒక రోగి నా పరువు తీయడం ఇదే మొదటిసారి. ఆ రోగి నా సొంత అక్కయ్య భర్త కావడం మరీ బాగుంది. పోనివ్వండి. దొరగారు కోప్పడలేదు. మీ మూత్రాన్ని కాచి పరీక్ష చేశారు. అందులో చక్కెర పోతోందట. మీ కుడి పాదం మీది పుండు మూడు నెలలైనా మానకపోవడానికి అదే కారణమట. దీనికి మందు తన దగ్గరా లేదు, వాళ్ళ ఇంగ్లండు సీమలోనూ లేదన్నారు. ఉన్నదల్లా ఒక్కటే దారి. ఒళ్ళు తగ్గాలి. రెండు మణుగులు, అంటే పదహారు వీశెలు, తగ్గితే పుండు మానే ఆశ ఉంది, లేకపోతే కాలు, ఆ తర్వాత మనిషి. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను, నా మీద కోపం వద్దు.

మీరు చెయ్యవలసింది ఇది. ఏ రోజు ఏం తిన్నారో, ఎంత తిన్నారో ఒక కాగితం మీద రాయాలి. ఎంత దూరం నడిచారో దాని పక్కన రాయాలి. పక్షానికోసారి కాటా ఎక్కి బరువు వేయాలి. కాగితం నాకు పంపితే ఇంగ్లీషులోకి మార్చి దొరగారికి చూపిస్తాను.

ఇంకో మాట. మీరేం చేస్తుంటారని ఆయన అడిగారు. మీరు భోక్తలని, ఊళ్ళవాళ్ళ తద్దినాలకు చనిపోయిన వాళ్ళ స్థానంలో కూర్చుని భోంచేస్తారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తినడమే వృత్తిగా ఉన్నవాడికి తిండి తగ్గించమని చెప్పానా అని నవ్వుతారేమోననిపించింది. వేదం చెబుతారన్నాను. ఆ పిలుపుల సంగతి ఏం చెయ్యాలో మీకు నేను చెప్పనక్కర్లేదు కదా.

అక్కయ్యకు నమస్కారాలు.
సూర్యప్రకాశం


ఆత్రేయపురం,
ఆషాఢ శుద్ధ పౌర్ణమి

చిరంజీవి సూర్యప్రకాశానికి చలపతి ఆశీస్సులు.

నేను పారిపోలేదురా. ఆ మంచాల మధ్య, ఆ మందుల వాసన మధ్య సంధ్యావందనం ఎక్కడ చేసుకోమంటావు? కాలు తీసేస్తామని నీ దొర చెప్పకముందే కాలికి బుద్ధి చెప్పాను.

అయినా ఆయన మాట జవదాటలేదు. మొన్న పెద్దిరాజు బెల్లం కొట్టుకి వెళ్ళి కాటా ఎక్కాను. ఉన్న తూనికరాళ్ళన్నీ చాలక ఆ పళ్ళెంలో రెండు బెల్లం దిమ్మలు కూడా పెట్టాల్సి వచ్చింది. "ఏంటండి అయ్యవారూ, రెండు బస్తాల కింద రాసుకోమంటారా?" అన్నాడు. కొట్టు ముందు జనం పోగయ్యారు. ఎనిమిది మణుగుల ఆరు వీశెలు. మీ అక్క విని తల బాదుకుంది. "నా చేతి వంటకి ఇంత దిష్టి తగిలిందేంటండీ," అని ఉప్పు తీసి పారేసింది.

కాగితం ఇందులో పెట్టాను. నిజాయితీగా రాశాను, ఒక్క తమలపాకు కూడా వదల్లేదు. నీకు తెలియడానికి రెండు రోజులు ఇక్కడ కూడా రాస్తాను. దశమి: పగలు అన్నం నాలుగు పిడికిళ్ళు, తోటకూర, మజ్జిగ. రాత్రి అరటిపండు ఒకటి. నడక కాలవ గట్టున లొల్ల లాకుల దాకా, పోను రాను. ద్వాదశి: పగలు ఏమీ లేదు. రాత్రి ఏమీ లేదు. నడక ర్యాలి దాకా, పోను రాను.

పక్షంలో ఇలా ఏమీ తినని రోజులు ఆరు ఉన్నాయి. నీ దొర చూసి ఏమంటాడో రాయి. ఈ బ్రాహ్మడికి పట్టుదల ఉందని ఒప్పుకుంటాడేమో.

నీ బావ
చలపతి


రాజమహేంద్రవరం,
శ్రావణ శుద్ధ నవమి

బావగారికి నమస్కారాలు.

మీరు రెండోసారి పంపిన కాగితం కూడా అందింది. దొరగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. పదిహేను రోజుల్లో ఏడు రోజులు ఏమీ తినలేదు, ఎనిమిది రోజులు పిడికిళ్ళతో కొలిచి తిన్నారు, రోజూ నడిచారు. అయినా బరువు రెండు వీశెలు పెరిగింది. "అయితే కాటా అబద్ధమాడుతూ ఉండాలి, లేదా మనిషి," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. మా బావగారు ఊరందరి చేతా మాట అనిపించుకుంటారు గాని అబద్ధం మాత్రం ఆడరండి అన్నాను. అలా ఒక దొర ముఖం మీద మాట్లాడటం నా జన్మలో ఇదే మొదలు. ఆయన నొచ్చుకోలేదు. అయితే తినే రోజుల్లో తిండి ఇంకా ఎక్కువైందని అర్థం అన్నారు. ఇక మీదట అన్నం పూర్తిగా బంద్. గోధుమ రొట్టె ఒకటి, ఆకుకూర, వెన్న తీసిన మజ్జిగ, అంతే. నడక రెట్టింపు చెయ్యాలి.

పుండుతో నడక కనుక ఒక జత మెత్తటి చెప్పులు కుట్టించి పంపుతున్నాను. దయచేసి తొడుక్కోండి. బావగారూ, పస్తులున్నా ఒళ్ళు పెరగడం నాకు అంతు పట్టడం లేదు. రాత్రిళ్ళు అక్కయ్య చాటున జీడిపాకం తింటున్నారేమోనని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. తప్పయితే క్షమించండి.

సూర్యప్రకాశం


ఆత్రేయపురం,
భాద్రపద శుద్ధ చవితి

సూర్యప్రకాశానికి ఆశీస్సులు.

జీడిపాకం అన్నావు చూడు, ఆ మాటకు మూడు రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. ఆకలి వల్ల ఆ పట్టుదల కూడా నిలవలేదు.

ఆకలంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది. రొట్టె ముక్క నమిలి లేస్తుంటే మీ అక్క మొహం పక్కకు తిప్పుకుంటుంది. తనూ అన్నం మానేసింది. వద్దంటే వినదు. తెల్లవారుతూనే కాళ్ళు వణుకుతాయి. దాహం చెప్పలేను, కడవ మంచం పక్కనే పెట్టుకుంటున్నాను. అయినా నీ దొర చెప్పినట్టే చేస్తున్నాను. నా తిండి నేను ఇంత కట్టడి చేసుకోగలనని నాకే తెలియదు.

చెప్పులు బాగున్నాయి. గూట్లో పెట్టాను. మడి కట్టుకుని పొరుగూరు వెళ్ళేటప్పుడు తోలు చెప్పులు ఎలా తొడుక్కోనురా? పుండుకి వేపాకు పసరు కట్టి వెళ్తున్నాను. గట్టు మీద గులకరాళ్ళు గుచ్చుకుంటున్నాయి గాని, నడక పెంచమన్నాడు కనుక పెంచాను. పులిదిండి దాకా కూడా వెళ్ళి వస్తున్నాను.

మహాలయ పక్షం వస్తోంది. పని ఎక్కువ. ఉత్తరం ఆలస్యమైతే కంగారు పడకు.

చలపతి


రాజమహేంద్రవరం,
ఆశ్వయుజ శుద్ధ షష్ఠి

బావగారికి.

నమస్కారాలు తర్వాత. ముందు ఇది చెప్పండి. మీరు పంపిన కాగితంలో భాద్రపద బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా వరసగా పదిహేను రోజులు "ఏమీ లేదు" అని ఉంది. బరువు మూడు వీశెలు పెరిగింది. మొత్తం తొమ్మిది మణుగుల మూడు వీశెలు.

దొరగారు ఈసారి కోప్పడలేదు. నవ్వారు. పదిహేను రోజులు ఏమీ తినని మనిషి మంచం మీద ఉంటాడు గాని పొరుగూళ్ళు తిరగడు అన్నారు. తర్వాత పెన్సిలుతో ఒక గీత గీసి నాకు చూపించారు. మొదటి కాగితం నుంచీ ఏమీ తినని రోజుల్లోనే మీ నడక ఎక్కువ. ర్యాలి, వాడపల్లి, పులిదిండి. "మీ బావగారు అక్కడికి ఎందుకు వెళ్తారు?" అన్నారు.

మహాలయ పక్షంలో పదిహేను రోజులూ ప్రతి ఇంట్లో పితృదేవతలకు పెట్టుకుంటారు. నాకు ఇప్పుడే తట్టిందని అనుకోవాలో, ముందే తెలిసి తెలియనట్టు ఊరుకున్నానో నాకే తెలియడం లేదు. దొరగారితో మీ వృత్తి దాచింది నేనే.

అక్కయ్య మీద ఒట్టు. ఆ రోజుల్లో మీరు భోక్తగా వెళ్ళారా లేదా?

సూర్యప్రకాశం


ఆత్రేయపురం,
ఆశ్వయుజ శుద్ధ త్రయోదశి

చిరంజీవి సూర్యప్రకాశానికి.

వెళ్ళాను. ప్రతిరోజూ వెళ్ళాను. అందులో దాచడానికేముంది? పిలుపు వచ్చాక భోక్త రానంటే ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళు పస్తుంటారు. నన్ను ఒట్టు పెట్టి అడగాలా?

నువ్వు నేను తిన్నది రాయమన్నావు. రాశాను. ఆ విస్తరిలోది నేను తిన్నది కాదు కదా! ఇంగ్లీషు చదువు చదివి ఇంత చిన్న సంగతి మర్చిపోయావా? కాళ్ళు కడిగి, ఆసనం మీద కూర్చోబెట్టి, తండ్రి పేరు గోత్రం చెప్పి నాలోకి పిలుస్తారు. ఆ క్షణం నుంచి చెయ్యి కడుక్కునేదాకా నేను చలపతిని కాను. గారెలు, పరమాన్నం, నువ్వుండలు, నెయ్యి పోసిన అన్నం ఎంత వడ్డిస్తే అంతా ఆయనది. వద్దంటే పాపం. ఆ పూట తర్వాత మర్నాటిదాకా నేను మంచినీళ్ళు తప్ప ముట్టను. అందుకే "ఏమీ లేదు" అని రాశాను. నిజంగా నాకేమీ లేదు.

మూడేళ్ళ కిందట వాడపల్లిలో సూరన్న తండ్రి వరదలో పడవ తిరగబడి పోయాడు. శవం దొరకలేదు. సంవత్సరీకం నాడు సూరన్న దర్భలు పట్టుకుని "తృప్తులయ్యారా?" అని నన్ను అడిగాడు. అది మంత్రంలో అడిగే మాటే. కాని వాడు నిజంగా అడిగాడు. తృప్తులమయ్యామని నేను చెప్పాను. ఆ మాటకు వాడు నా కాళ్ళ మీద పడి భోరున ఏడ్చాడు. ఏడాదిగా తండ్రికి అన్నం పెట్టలేకపోయానని కుమిలిపోతున్నాడు మరి. ఆ రోజు తిన్న గారెలు నా పేరున ఎలా రాయమంటావు? రాస్తే ఆయన నోటి దగ్గరది లాక్కున్నట్టు కాదా?

నీ దొరకు ఇది అర్థం కాదు. నీకు అర్థం కాలేదంటేనే కష్టంగా ఉంది.

చలపతి


రాజమహేంద్రవరం,
ఆశ్వయుజ బహుళ చవితి

బావగారికి.

ఇవాళ దొరగారికి అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "నాలుగు నెలలుగా నేను ఈ మనిషికి ఒక పక్క పస్తు పెట్టి, ఇంకో పక్క విందు చేయిస్తున్నాను," అన్నారు. పస్తు, విందు, పస్తు, విందు. ఈ జబ్బుకి అంతకంటే చెడ్డది లేదట. దాని మీద చెప్పుల్లేకుండా మైళ్ళ కొద్దీ నడక.

నాకు మీ మీద జాలి వెయ్యలేదు బావగారూ, కోపం వచ్చింది. అందుకే అడుగుతున్నాను. తిన్నది సూరన్న తండ్రే అయితే ఆ బరువు కాటా మీద ఎవరిది? పెరట్లో మీరు మూత్రం పోసిన చోట చీమలు పడుతున్నాయని అక్కయ్య ఏడుస్తూ ఉత్తరం రాసింది. ఆ చీమలు పితృదేవతల కోసం వచ్చాయా? ఆ గారెలన్నీ మీ కడుపులోకే వెళ్ళాయి. ముప్పై ఏళ్ళుగా మీ కడుపులోకే వెళ్ళాయి. ఎవరికీ ఏమీ చేరలేదు.

ఇంక పిలుపులు మానెయ్యండి. మీ కాళ్ళ మీద పడి అడుగుతున్నాను.

సూర్యప్రకాశం


ఆత్రేయపురం,
మార్గశిర శుద్ధ ద్వితీయ

సూర్యప్రకాశానికి.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. నాలుగుసార్లు జవాబు రాసి చింపేశాను. కోపంతో రాసినవి రెండు, వేదప్రమాణాలతో రాసినవి రెండు.

నువ్వు చీమల సంగతి రాసిన వారానికి ర్యాలిలో అచ్చిబాబుగారి తల్లి తద్దినం వచ్చింది. వెళ్ళాను. విస్తరి వేశారు, పిలిచారు, కూర్చున్నాను. ఎప్పటిలాగే ఆవిడ పేరు చెప్పారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే నెయ్యి రుచి తెలిసింది. ముప్పై ఏళ్ళుగా తెలిసే ఉంటుంది, కాని ఆ రోజు నాకు తెలిసింది. నెల రోజులు రొట్టె ముక్కల మీద ఉన్న నాలుక. ఎంత బాగుందిరా! ఆవిడ ఎక్కడా లేదు. నేనే ఉన్నాను. ఆబగా తింటున్న నేను.

అచ్చిబాబుగారు దర్భలు పట్టుకుని తృప్తులయ్యారా అని అడిగారు. నా పక్కనున్న భోక్త అయ్యామన్నాడు. నాకు నోరు పెగల్లేదు. ఇల్లంతా నా వైపు చూస్తోంది. ఆయన మళ్ళీ అడిగారు. చివరికి అన్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ మాట అబద్ధమని తెలిసి అన్నాను. లేక ఎప్పుడూ అబద్ధమేనేమో, వినబడటం మొదటిసారి.

ఆ తర్వాత ఎవరింటికీ వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పంపుతున్నాను. రొట్టె, ఆకుకూర, మజ్జిగ, అంతే. కాటా ఎక్కాను. ఏడు మణుగులు. రెండు మణుగుల పైనే తగ్గింది. పెద్దిరాజు ఈసారి నవ్వలేదు, చెయ్యి పట్టుకుని దింపాడు. నీ దొర కోరుకున్నది అయింది కదా. ఆయనకు చెప్పు. పుండు మాత్రం మానలేదు, పైకి పాకింది.

చలపతి


రాజమహేంద్రవరం,
మార్గశిర బహుళ పాడ్యమి

పూజ్యులైన బావగారికి సూర్యప్రకాశం సాష్టాంగ నమస్కారాలు.

మీ ఉత్తరం పట్టుకుని పరుగున వెళ్ళాను. ఏడు మణుగులని సంతోషంగా చెప్పాను. దొరగారు కుర్చీలోంచి లేచారు. ఇంత త్వరగా తగ్గడం మంచిది కాదన్నారు. ఇది మీరు తగ్గడం కాదట, జబ్బు మిమ్మల్ని తినడం. ఇప్పుడు నడక వద్దు, పస్తు వద్దు. వెంటనే పడవలో రావాలి. పాదం నల్లబడితే మోకాలి కింద తీసేస్తారు. తీస్తే బతుకుతారని గట్టిగా చెప్పలేనన్నారు. తీయకపోతే మాత్రం బతకరన్నారు. నేను వచ్చి బొబ్బర్లంక దగ్గర పడవతో ఉంటాను, కబురు పెట్టండి.

ఇంకొకటి. నేను ఆశ్వయుజంలో రాసింది తప్పు. కోపంలో నోటికి వచ్చింది రాశాను. మా నాన్నగారి తద్దినం నేనూ ప్రతి ఏడూ పెడుతూనే ఉన్నాను కదా. నమ్మకం లేకపోతే ఎందుకు పెడతాను? మీరు తిన్నది వాళ్ళకి చేరింది బావగారూ. సూరన్న తండ్రికి చేరింది. అందరికీ చేరింది. మీ కడుపుకి వచ్చింది మిగిలిన ఎంగిలి మాత్రమే. దయచేసి ఇది నమ్మండి, అది మర్చిపోండి.

మీ
సూర్యప్రకాశం


ఆత్రేయపురం,
పుష్య శుద్ధ దశమి

చిరంజీవి సూర్యప్రకాశానికి చలపతి దీవెనలు.

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే నవ్వకు. నీ ఉత్తరం మీ అక్క చేత రెండుసార్లు చదివించుకున్నాను. పడవ వద్దు. నలుపు చీలమండ దాటింది. జ్వరం వస్తూ పోతూ ఉంది. కాలు తీసినా బతుకుతానని ఆయన గట్టిగా చెప్పలేదని నువ్వే రాశావు. అంత దూరం వచ్చి ఆ మంచాల మధ్య పోవడం నాకిష్టం లేదు. మీ అక్కను ఒప్పించాను. ఒప్పుకుందంటే నీకు తెలుసు, ఏడ్చి ఏడ్చి అలిసిపోయింది.

నువ్వు మాట ఎందుకు మార్చావో నాకు అర్థమైంది. నాకు నిమ్మళంగా ఉంటుందని. నువ్వంటే నాకు కోపం లేదురా, ఎప్పుడూ లేదు. చీమల సంగతి నువ్వు రాయకపోయినా ఆ రొట్టె ముక్కలే నాకు చెప్పేవి. ఆకలితో ఉన్నవాడు ఇంకొకడి కోసం తినలేడు. ఇంతకాలం నాకు ఆకలి లేదు, అందుకే నమ్మగలిగాను.

సూరన్న నిన్న చూడటానికి వచ్చాడు. నా కాళ్ళ దగ్గర కూర్చుని, మా నాన్నగారు మీ చేతి మీదుగా తిన్నారండి అన్నాడు. నేను తల ఊపాను. వాడికి ఇంకేం చెప్పను?

మీ అక్క పప్పు, అన్నం, నెయ్యి కలిపి పెడుతోంది. ఎవరూ వద్దనడం లేదు ఇప్పుడు. మింగుడు పడటం లేదు. కాగితం కూడా ఇక పంపను, రాయడానికి ఏమీ లేదు.

నేను పోయాక మా తమ్ముడు కర్మ చేస్తాడు. మీ అక్క మాట కాదనవు కనుక సంవత్సరీకానికి నువ్వు వస్తావు. నా పేరు చెప్పి ఎవరినో కూర్చోబెడతారు. మంచివాణ్ణే పిలుస్తారు, వాడూ కడుపునిండా తింటాడు. నాకు చేరిందా అని మాత్రం నువ్వు అతన్ని అడగకు. చేరిందనే చెబుతాడు. నేనూ ముప్పై ఏళ్ళు అందరికీ అలాగే చెప్పాను.

చలపతి